కోఠి గుజరాతీ గల్లీలో లో-నాయిస్ ట్రాన్సిస్టర్లు: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

కోఠిలో దొరకని పార్టు లేదని హైదరాబాద్‌లో ఆంప్లిఫయర్లు కట్టేవాళ్లకి గట్టి నమ్మకం. పవర్ సైడు వరకు అది నిజమే. ట్రాన్స్‌ఫార్మరు, హీట్‌సింకు, 4440 ఐసీ బోర్డు, 4558 టోన్ బోర్డు, క్యాబినెట్, నాబులు, స్పీకర్ టెర్మినళ్లు, అన్నీ గుజరాతీ గల్లీలో గంటసేపు తిరిగితే సంచిలో పడతాయి. ఫోనో (గ్రామఫోన్ రికార్డు) ప్రీఆంప్, మైక్ ప్రీఆంప్, క్యాసెట్ హెడ్ ఆంప్ లాంటి చిన్న సిగ్నల్ సర్క్యూట్లకి కావలసిన లో-నాయిస్ (సొంత బుస్ చప్పుడు తక్కువగా ఉండే) ట్రాన్సిస్టర్ల సంగతి అలా ఉండదు. వాటిలో చాలా నంబర్లు కంపెనీలే ఆపేసి ఏళ్లయింది. ఆగిపోయిన నంబరు కౌంటర్ మీద కొత్తగా, మెరుస్తూ, ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతోందంటే అక్కడే అనుమానించాలి.

తీర్పు ముందే చెప్పేస్తే: బీసీ550సీ, బీసీ560సీ, ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు, పాత డెక్కుల్లోంచి ఊడదీసిన జపాన్ పార్టులు గల్లీలో నిశ్చింతగా చూడొచ్చు. ‘కొత్త’ 2ఎస్‌కే170, 2ఎస్‌జే74, 2ఎస్‌సీ2240, 2ఎస్‌ఏ970 మాత్రం అక్కడ వద్దు. వాటి బదులు ఇప్పటికీ తయారవుతున్న పార్టుల్ని అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర తెప్పించుకోవడమే మేలు. ఎందుకు, ఎలా అన్నది కింద.

వెళ్లేవాళ్లకి రెండు ముక్కలు. మెట్రో రెడ్ లైన్‌లో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి బ్యాంక్ స్ట్రీట్ వైపు నడవడం సుఖం. బండి పెట్టడానికి చోటు వెతకడం వేరే పని. పొద్దున్నే వెళ్లి లాభం లేదు, పదకొండు దాటితే గానీ గల్లీ నిండదు. ఆదివారం చాలా షట్టర్లు దించే ఉంటాయి.

అసలు అవసరమా?

పార్టు వేటకి బయల్దేరే ముందు సర్క్యూట్‌ని ఒకసారి చూసుకోవాలి. 1 కిలో ఓమ్ రెసిస్టరు గది వేడిలో ఊరికే కూర్చుని రూట్ హెర్ట్జ్‌కి (నాయిస్‌ని కొలిచే ప్రమాణం, కింది నాయిస్ అంకెలన్నీ ఈ లెక్కలోనే) దాదాపు 4 నానోవోల్టుల నాయిస్ ఇస్తుంది. 2ఎస్‌కే170 నాయిస్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 0.95 నానోవోల్టులు, అంటే 60 ఓముల రెసిస్టరు ఇచ్చేంతే. ఇక పవర్ ఆంప్ సంగతి చూడండి. ఇన్‌పుట్‌లో 50 కిలో ఓముల వాల్యూమ్ కంట్రోలు సగం తిప్పి ఉంటే, ట్రాన్సిస్టరు బేస్‌కి కనిపించే నిరోధం 12.5 కిలో ఓములు. అదొక్కటే 14 నానోవోల్టులు. దాని వెనక ఎంత గొప్ప ట్రాన్సిస్టరు పెట్టినా చెవికి తేడా తెలియదు. ఫీడ్‌బ్యాక్‌లో 1 కిలో, 22 కిలో జత ఉంటే ఆ 1 కిలో కూడా తన 4 నానోవోల్టులు కలుపుతుంది. ఇలాంటి చోట బీసీ550సీ చాలు. రెయిల్స్ (సప్లై వోల్టేజీ) ఎక్కువైతే 120 వోల్టుల పార్టు కావాలి, కానీ దాని మీద ‘లో-నాయిస్’ అని రాసి ఉండనక్కర్లేదు.

నిజంగా అవసరం ఉండేది మూడు నాలుగు చోట్లే: మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జికి (రికార్డు ప్లేయరు సూది ఉండే భాగంలో ఒక రకం) హెడ్ ఆంప్, ట్రాన్స్‌ఫార్మర్ లేని మైక్ ప్రీఆంప్, రిబ్బన్ మైక్, టేప్ హెడ్. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి లెక్క మళ్లీ వేరు. దాని కాయిల్ ఇండక్టెన్స్ వల్ల పై ఫ్రీక్వెన్సీల్లో ఇంపీడెన్స్ కొన్ని వేల ఓములకి చేరుతుంది. అక్కడ వోల్టేజ్ నాయిస్ కన్నా కరెంట్ నాయిస్ ముఖ్యం. 1 మిల్లీఆంపియరు దగ్గర, హెచ్‌ఎఫ్‌ఈ (కరెంటుని ఎన్ని రెట్లు పెంచుతుందన్న లెక్క) 500 ఉన్న ట్రాన్సిస్టరుకి బేస్ కరెంటు 2 మైక్రోఆంపియర్లు, కరెంట్ నాయిస్ 0.8 పికోఆంపియర్లు. 10 కిలో ఓముల మీద అది 8 నానోవోల్టులై కూర్చుంటుంది. అదే ట్రాన్సిస్టరుని 100 మైక్రోఆంపియర్లకి దించితే కరెంట్ నాయిస్ 0.25కి పడిపోతుంది. రెండు రెసిస్టర్లు మారిస్తే వచ్చే లాభం ఇది. దీన్ని వదిలేసి వందలు పోసి జేఫెట్ (2ఎస్‌కే170 లాంటి ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టరు) కొనేవాళ్లు మనలో తక్కువేం లేరు.

గల్లీలో అడిగే తీరు

కౌంటర్ దగ్గర మాట ఇలా సాగుతుంది. “అన్నా, బీసీ550సీ ఉన్నయా?” అంటే, “550 ఎందుకన్నా, 547 పెట్టుకో, సేమే ఉంటది” అంటారు. ఆ మాట పూర్తిగా తప్పేం కాదు. చాలా కంపెనీల్లో రెండూ ఒకే రకం చిప్పులోంచి ఏరినవే. తేడా గ్యారంటీలో ఉంది: డేటాషీట్‌లో బీసీ547కి నాయిస్ ఫిగర్ గరిష్ఠంగా 10 డెసిబెల్స్, బీసీ549, 550లకి 4. అంటే 547ల సంచిలో మంచివీ ఉంటాయి, చెత్తవీ ఉంటాయి, వాటిని ఏరుకునే పని మీది. వంద 547సీలు కొని కొలిచి ఏరుకునే ఓపిక ఉంటే అదీ ఒక దారే. ఖర్చు చిల్లరే.

అక్షరం చూసి తీసుకోండి. ఏ అంటే హెచ్‌ఎఫ్‌ఈ 110 నుంచి 220, బీ అంటే 200 నుంచి 450, సీ అంటే 420 నుంచి 800. ఇన్‌పుట్ స్టేజికి సీ. అక్షరం లేని బీసీ550ని దేనికో దానికి వాడుకోవచ్చు, జత కలపడానికి మాత్రం పనికిరాదు. మన దేశంలోనే తయారయ్యే సీడీఐఎల్ మార్కు దొరికితే వదలొద్దు. రూపాయల్లో ఉండే ఈ పార్టుకి నకిలీ చేసి మిగుల్చుకునేది పెద్దగా ఉండదు కాబట్టి ధైర్యంగా కొనొచ్చు. పాత సరుకు పెట్టెల్లో అప్పుడప్పుడు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వారి బీసీ149లు కూడా బయటపడతాయి. ఆ రోజుల్లో మన రేడియోల్లో 147, 148ల పక్కన లో-నాయిస్ తమ్ముడు ఇదే. లాక్‌ఫిట్ అనే పాత తరహా ప్యాకేజీ కాబట్టి కాళ్ల వరస ముందు మీటరుతో తేల్చుకోవాలి. పాత రేడియో బాగుచేసేవాళ్లకి బంగారం, కొత్త డిజైన్‌కి అక్కర్లేదు.

ఇప్పుడు “కే170 ఉన్నయా?” అని అడిగి చూడండి. “ఉన్నయ్. ఎన్ని గావాలె?” అని ఠక్కున జవాబొస్తే, ఆ ‘ఎన్ని’ దగ్గరే ఆగిపోవాలి. తోషిబా ఆపేసిన పార్టు, ప్రపంచమంతా వెతుకుతున్న పార్టు, కవరు నిండా ఒకే లాట్ నంబరుతో పది రూపాయలకో ఇరవైకో ఇస్తానంటే అది కే170 కాదు. దుకాణదారుని తప్పు పట్టడానికి కూడా లేదు. ఢిల్లీ నుంచో షెన్‌జెన్ నుంచో కవరు మీద ఏం రాసొస్తే అదే ఆయనా చెప్తాడు. తేడా కొడితే మాత్రం వాపస్ ఉండదు. అందుకే ముందు రెండే కొని, ఇంట్లో కొలిచి, సరైనవని తేలితే మళ్లీ వచ్చి మిగతావి తీసుకోవడం పద్ధతి.

“రిమూవ్డ్ ఉన్నయా?” అని అడగడం ఇంకా తెలివైన పని. పాత డెక్కులు, రిసీవర్లు విప్పేసేవాళ్ల దగ్గర పొట్టి కాళ్లతో, కాళ్లకి టంకం అంటుకుని ఉన్న సీ2240, ఏ970, సీ1815 లాంటివి దొరుకుతాయి. చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి గానీ, కవర్లో మెరిసే కొత్తవాటికన్నా ఇవి అసలువయ్యే అవకాశం ఎక్కువ. జపాన్ బోర్డే ఇస్తే ఇంకా మంచిది, ఇంటికి తెచ్చి మీరే ఊడదీసుకోవచ్చు. ఊడదీసేటప్పుడు ఒక్కో కాలికి మూడు సెకన్లు మించకుండా, సక్కర్‌తో పాటు కాస్త కొత్త టంకం కలిపి తీస్తే ప్యాకేజీ వేడెక్కదు.

పేరు చదివే పద్ధతి తెలిస్తే సగం మోసాలు అక్కడే పడిపోతాయి. జపాన్ నంబర్లలో ముందుండే 2ఎస్ సాధారణంగా ఒంటి మీద అచ్చు వేయరు. 2ఎస్‌సీ2240 అంటే ఒంటి మీద సీ2240, పక్కనో కిందనో గ్రేడు. ఏ, బీ అంటే పీఎన్‌పీ, సీ, డీ అంటే ఎన్‌పీఎన్, కే అంటే ఎన్-ఛానల్ ఫెట్, జే అంటే పీ-ఛానల్ ఫెట్. 2ఎస్‌సీ2240లో జీఆర్ గ్రేడుకి హెచ్‌ఎఫ్‌ఈ 200 నుంచి 400, బీఎల్‌కి 350 నుంచి 700. 2ఎస్‌కే170లో జీఆర్, బీఎల్, వీ అన్నవి ఐడీఎస్‌ఎస్ (గేట్, సోర్స్ అనే కాళ్లు కలిపినప్పుడు పారే కరెంటు) గ్రేడులు: జీఆర్ 2.6 నుంచి 6.5 మిల్లీఆంపియర్లు, బీఎల్ 6 నుంచి 12, వీ 10 నుంచి 20. కవరు మీద బీఎల్ అని ఉండి లోపలివి 3 చూపిస్తే ఇంకేం పరీక్ష అక్కర్లేదు.

అచ్చుని ఎసిటోన్‌తో రుద్దే పరీక్ష అందరికీ తెలిసిందే. అది ఒకవైపే పనిచేస్తుంది. అక్షరాలు చెరిగిపోతే అనుమానం ఖాయం. చెరగకపోతే ఏమీ తేలనట్టే, ఇప్పుడు నకిలీల మీదా లేజరుతోనే చెక్కుతున్నారు.

జేఫెట్‌ని పట్టుకోవడం

మూడు కాళ్ల కాంపోనెంట్ టెస్టరు చాలామంది దగ్గర ఉంటుంది. అది ఎన్-ఛానల్ జేఫెట్ అని, గేట్ ఏదో చెప్తుంది, అంతవరకు వాడుకోండి. ఐడీఎస్‌ఎస్‌కి దాన్ని నమ్మొద్దు. లోపల 5 వోల్టులు, 680 ఓములు కాబట్టి 7 మిల్లీఆంపియర్లు దాటి కరెంటు ఇవ్వలేదు. బీఎల్ గ్రేడులో చాలా పార్టులు దాని కొలతకి అందవు.

సరైన పద్ధతికి కావలసింది 9 వోల్టుల బ్యాటరీ, ఒక మీటరు, ఒక 100 ఓముల ఒక శాతం రెసిస్టరు. గేట్, సోర్స్ కలిపి బ్యాటరీ మైనస్‌కి, డ్రెయిన్‌ని మిల్లీఆంపియర్ రేంజిలో పెట్టిన మీటరు ద్వారా ప్లస్‌కి. పదిహేను సెకన్లు ఆగి చదవండి. అదే ఐడీఎస్‌ఎస్. వేడెక్కేకొద్దీ రీడింగు కొంచెం దిగుతుంది. వేళ్లతో పట్టుకుంటే ఇంకా దిగుతుంది. అందుకే బ్రెడ్‌బోర్డులో పెట్టి, ఫ్యాను ఆపి, అన్నిటికీ అదే పదిహేను సెకన్లు. మే నెల మధ్యాహ్నం కొన్నిటిని, రాత్రి ఏసీలో మిగతావాటిని కొలిచి జతలు కలిపితే అవి జతలు కావు.

ఐడీఎస్‌ఎస్ ఒక్కటి సరిపోయినంత మాత్రాన కే170 అయిపోదు. 8 మిల్లీఆంపియర్లు ఇచ్చే చవక జేఫెట్లు బోలెడు, వాటి మీద పేరు మార్చడం తేలిక. అసలు గుట్టు ట్రాన్స్‌కండక్టెన్స్‌లో, అంటే గేట్ వోల్టేజీ కాస్త మారితే కరెంటు ఎంత మారుతుందన్నదాంట్లో ఉంది. 2ఎస్‌కే170కి కటాఫ్ వోల్టేజీ (కరెంటు పూర్తిగా ఆగే గేట్ వోల్టేజీ) చాలా తక్కువ, బీఎల్‌లో సాధారణంగా అర వోల్టు దరిదాపుల్లో. మామూలు జేఫెట్‌కి అది రెండు వోల్టులో అంతకన్నా ఎక్కువో ఉంటుంది. కాబట్టి ఇప్పుడు సోర్స్‌కీ మైనస్‌కీ మధ్య 100 ఓములు పెట్టండి, గేట్ మాత్రం నేరుగా మైనస్‌కే ఉంచండి. మళ్లీ చదవండి. 8 మిల్లీఆంపియర్ల అసలు కే170 ఒక్కసారిగా 2.5 దగ్గరికి పడిపోతుంది, అంటే రెసిస్టరు మీద దాదాపు పావు వోల్టు. పేరు మార్చిన రెండు వోల్టుల జేఫెట్ 4.7 దగ్గర ఆగుతుంది. రెండు రీడింగుల మధ్య ఇంత దూరం ఉంటుంది కాబట్టి మీటరు చవకదైనా పర్వాలేదు. కెపాసిటెన్స్ మీటరు ఉన్నవాళ్లు గేట్ కెపాసిటెన్స్ కూడా చూసుకోవచ్చు. డేటాషీట్‌లో ఇన్‌పుట్ కెపాసిటెన్స్ 30 పికోఫారడ్లు. నాలుగైదు చూపించే పార్టు చిన్న ఆర్‌ఎఫ్ జేఫెట్ అయ్యుంటుంది.

2ఎస్‌జే74 అయితే బ్యాటరీ తిప్పి అదే పరీక్ష. దాని కెపాసిటెన్స్ 185 పికోఫారడ్లు, కే170కి ఆరింతలు. చవక పీ-ఛానల్‌ని జే74గా అమ్మితే ఈ ఒక్క కొలతే బయటపెడుతుంది. నిజం చెప్పాలంటే పీ-ఛానల్ అవసరమయ్యే డిజైన్లనే పక్కన పెట్టడం ఉత్తమం. రెండు వైపులా జతలు కలిపేసరికి డబ్బు, ఓపిక రెండూ అయిపోతాయి. ఎన్-ఛానల్ జతతోనే నడిచే ఫోనో సర్క్యూట్లు కావలసినన్ని ఉన్నాయి.

బైపోలార్‌కి వోల్టేజీ పరీక్ష

సీ2240గా అమ్మే నకిలీల్లో తరచూ ఉండేది 45, 50 వోల్టుల మామూలు ట్రాన్సిస్టరు. హెచ్‌ఎఫ్‌ఈ చక్కగా 400 చూపిస్తుంది, 12 వోల్టుల ప్రీఆంప్‌లో హాయిగా పనిచేస్తుంది. ±55 వోల్టుల పవర్ ఆంప్‌లో పెడితే స్విచ్ వేసిన క్షణంలో పోతుంది, ఒక్కోసారి తనతో పాటు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లని తీసుకుపోతుంది. దీన్ని పట్టుకునే పరికరం కోఠిలోనే ఉంది: టీవీ మెకానిక్కులు వాడే ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ టెస్టరు. అది దాదాపు 300 వోల్టుల దాకా ఇస్తుంది. దాని ప్లస్‌కి 1 మెగాఓమ్ రెసిస్టరు, అక్కడి నుంచి కలెక్టరు; ఎమిటరు మైనస్‌కి; బేస్ గాల్లో. కలెక్టరు, ఎమిటరు మధ్య డీసీ వోల్టులు చదవండి. 120 దాటి ఎక్కడ నిలిచినా పార్టు పాస్. 60, 70 దగ్గర కూలబడితే అది వేషం వేసుకున్న 547. మెగాఓమ్ లేకుండా పెడితే పరీక్షతోనే ట్రాన్సిస్టరు పోతుంది. చేత్తో పట్టుకుంటే మీకే షాకు.

పోలారిటీ విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. పీఎన్‌పీకి తిప్పి పెట్టాలి. పొరపాటున ఎన్‌పీఎన్‌కి ఉల్టా ఇస్తే బేస్-ఎమిటర్ జంక్షన్ రివర్స్‌లో బ్రేక్‌డౌన్ అవుతుంది. ట్రాన్సిస్టరు చావదు, హెచ్‌ఎఫ్‌ఈ కొంచెం తగ్గుతుంది, నాయిస్ మాత్రం శాశ్వతంగా పెరుగుతుంది. లో-నాయిస్ పార్టు కొని పరీక్షతో నాయిస్ పార్టుగా మార్చుకోవడం అంటే ఇదే. బేస్-ఎమిటర్‌ని రివర్స్‌లో ఏడెనిమిది వోల్టులతో ‘జెనర్‌లా చెక్’ చేసే అలవాటు ఉన్నవాళ్లు దాన్ని మానేయాలి. సర్క్యూట్‌లో కూడా ఇన్‌పుట్ కెపాసిటరు డిస్‌చార్జి వల్ల ఇదే జరుగుతుంది. బేస్-ఎమిటర్ మధ్య ఉల్టా ఒక 1ఎన్4148 పెడితే రక్షణ.

నాయిస్‌నే కొలవాలనుకుంటే

ఇంట్లో చేయగలిగిందే. 9 వోల్టుల బ్యాటరీ, కలెక్టరుకి 4.7 కిలో ఓములు, కలెక్టరు నుంచి బేస్‌కి 2.2 మెగాఓములు, ఎమిటరు గ్రౌండ్‌కి. హెచ్‌ఎఫ్‌ఈ 500 ఉంటే కరెంటు 1 మిల్లీఆంపియరు దరిదాపుల్లో ఉంటుంది. బేస్ నుంచి గ్రౌండ్‌కి 470 మైక్రోఫారడ్ కెపాసిటరు, దానికి వరసలో 10 ఓములు. కలెక్టరు నుంచి 1 మైక్రోఫారడ్ ద్వారా ఎన్‌ఈ5532తో కట్టిన వంద రెట్ల స్టేజీకి, అక్కడి నుంచి ల్యాప్‌టాప్ లైన్-ఇన్‌కి. 5532కి వేరే రెండు బ్యాటరీలు. మొత్తాన్ని స్టీలు డబ్బాలో పెట్టి మూత వేసి, డబ్బాని గ్రౌండ్ చేయాలి. లేకపోతే మీరు కొలిచేది ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ హమ్ముని.

స్విచ్ వేయగానే ఏమీ రాదు. 470 మైక్రోఫారడ్లని 2.2 మెగాఓముల గుండా బేస్ వోల్టేజీ దాకా నింపడానికి నిమిషం పైనే పడుతుంది. ట్రాన్సిస్టరు పోయిందనుకుని తీసి పారేయకండి. పాత కెపాసిటరు పెడితే దాని లీకేజీయే బేస్ కరెంటుని మింగేస్తుంది, కొత్తది మంచి కంపెనీది పెట్టాలి. కలెక్టరు దగ్గర 3 నుంచి 6 వోల్టుల మధ్య కనిపించాక ఆడాసిటీలో ఒక నిమిషం రికార్డు చేసి స్పెక్ట్రమ్ చూడండి. నానోవోల్టుల్లో అంకె తేల్చాల్సిన పని లేదు. నమ్మకమైన ఒక బీసీ550సీని కొలబద్దగా పెట్టుకుని, మిగతావి దానికన్నా ఎన్ని డెసిబెల్స్ అటూ ఇటూ ఉన్నాయో చూస్తే చాలు. హెడ్‌ఫోన్స్‌లో కూడా వినాలి. సాఫీగా బుస్సుమనే చప్పుడు పర్వాలేదు. మధ్య మధ్యలో టక్, టకటక్ అంటుంటే అది పాప్‌కార్న్ నాయిస్, ఆ పార్టు ఎంత పేరున్నదైనా ఎల్‌ఈడీ వెలిగించడానికి వాడుకోవాల్సిందే.

జేఫెట్‌కి ఇదే కొలత సర్క్యూట్ పనికిరాదు, బయాస్ (నిలకడ కరెంటు ఏర్పాటు) వేరు.

బయటి నుంచి తెప్పించేవి

2ఎస్‌సీ2240, 2ఎస్‌ఏ970ల బదులు కళ్లు మూసుకుని తీసుకోగలిగిన జత ఆన్‌సెమీ వారి కేఎస్‌సీ1845, కేఎస్‌ఏ992. ఫెయిర్‌చైల్డ్‌ని 2016లో ఆన్‌సెమీ కొన్నాక దాని లైన్‌లోకి వచ్చినవి. 120 వోల్టులు, ఎఫ్ గ్రేడుకి హెచ్‌ఎఫ్‌ఈ 300 నుంచి 600. కాళ్ల వరస కూడా తోషిబాదే: చదునైన ముఖం మీ వైపు ఉంచి ఎడమ నుంచి ఎమిటరు, కలెక్టరు, బేస్. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. 2240కి గరిష్ఠ కరెంటు 100 మిల్లీఆంపియర్లు, 1845కి 50. ఇన్‌పుట్ స్టేజీలో దీంతో పనిలేదు, డ్రైవరుగా వాడిన చోట ఉంది. బీసీ550 వేసిన బోర్డులో పెట్టాలంటే మాత్రం కాళ్లు మెలిపెట్టాల్సిందే, ఎందుకంటే దాని వరస కలెక్టరు, బేస్, ఎమిటరు. మధ్య కాలే మారిపోతుంది కాబట్టి ఊరికే వెనక్కి తిప్పితే సరిపోదు. టేపు మీద వచ్చే ఎఫ్‌టీఏ రకానికి కాళ్లు ముందే వెడల్పుగా వంచి ఉంటాయి. సన్నటి ప్యాడ్ల బోర్డుకి శ్రావణంతో సరిచేసుకోవాలి.

సర్ఫేస్ మౌంట్‌కి భయపడనివాళ్లకి దారి ఇంకా సులువు. బీసీ550సీ, 560సీలకి బదులు బీసీ850సీ, బీసీ860సీ. 2240, 970లకి బదులు తోషిబా 2ఎస్‌సీ3324, 2ఎస్‌ఏ1312. జేఫెట్‌లో తోషిబా 2ఎస్‌కే209. కే170 అంత నిశ్శబ్దం కాదు గానీ కెపాసిటెన్స్ 13 పికోఫారడ్లే, మూవింగ్ మాగ్నెట్‌కి చక్కగా సరిపోతుంది. సాట్-23 (చిన్న సర్ఫేస్ మౌంట్ ప్యాకేజీ) నుంచి మూడు కాళ్లకి మార్చే చిన్న అడాప్టర్ బోర్డులు దొరుకుతాయి. అడాప్టర్ మీద అతికించాక గేట్ ఏ కాలికి వచ్చిందో మీటరుతో చూసుకోకుండా మెయిన్ బోర్డులో పెట్టొద్దు.

కే170ని అచ్చంగా దించినది కావాలంటే లీనియర్ సిస్టమ్స్ వారి ఎల్‌ఎస్‌కే170. గ్రేడు అక్షరాలు వేరు: ఏ అంటే తోషిబా జీఆర్, బీ అంటే బీఎల్, సీ అంటే వీ. ఖరీదు ఎక్కువే, కానీ పెట్టిన డబ్బుకి ఏం వచ్చిందో తెలుస్తుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ జేఎఫ్‌ఈ150 నాయిస్ 0.8 నానోవోల్టులు, కాగితం మీద కే170ని మించింది. అయితే ఐడీఎస్‌ఎస్ పదుల మిల్లీఆంపియర్లలో ఉంటుంది. సోర్స్‌ని నేరుగా గ్రౌండ్ చేసి ఐడీఎస్‌ఎస్‌తోనే నడిపే పాత సర్క్యూట్లలో ఊరికే మార్చి పెడితే డ్రెయిన్ రెసిస్టరు మీదే వోల్టేజీ అంతా పోతుంది. సోర్స్ రెసిస్టరుతో బయాస్ కొత్తగా వేసుకోవాలి.

జత కావలసిన చోట థాట్ 300 సిరీస్, లేదా అనలాగ్ డివైసెస్ ఎస్‌ఎస్‌ఎం2212. ఒకే చిప్పు మీద ఉంటాయి కాబట్టి మ్యాచింగ్ తలనొప్పి లేదు. ఇంత కష్టం ఎందుకనుకునే వాళ్లకి ఓపీఏ1612 ఐసీ ఉంది, 1.1 నానోవోల్టులు. ట్రాన్సిస్టర్లతోనే కట్టాలన్న పట్టుదల లేకపోతే చాలా ఫోనో ప్రీఆంపుల కథ అక్కడే ముగుస్తుంది.

ఆర్డరు పెట్టేటప్పుడు డిజీకీ, మౌసర్, ఎలిమెంట్14 లాంటి అధీకృత డిస్ట్రిబ్యూటర్లకే పరిమితం కావాలి. అక్కడ కూడా పేజీలో ‘మార్కెట్‌ప్లేస్’ అని ఉంటే అమ్మేది వేరేవాళ్లు, చూసుకోండి. టెక్సాస్ పార్టులు ఆ కంపెనీ సొంత సైట్‌లోనే విడిగా దొరుకుతాయి. చూపించే ధరలో కస్టమ్స్, 18 శాతం జీఎస్టీ కలిసి ఉన్నాయా లేదా అన్నది చెక్‌అవుట్ దగ్గర తేల్చుకోవాలి. కొరియరు కోసం కేవైసీ అడుగుతారు, పాన్ దగ్గర పెట్టుకోండి. నాలుగు ట్రాన్సిస్టర్ల కోసం షిప్పింగ్ కట్టడం దండగ. నలుగురు కలిసి ఒకే ఆర్డరు పెట్టి యాభై, వంద తెప్పించుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. పైగా ఒకే రీలులోవి వస్తాయి కాబట్టి జతలు తేలిగ్గా కుదురుతాయి. జతకి హెచ్‌ఎఫ్‌ఈ ఐదు శాతం లోపు, వీబీఈ (బేస్-ఎమిటర్ వోల్టేజీ) 2 మిల్లీవోల్టుల లోపు చాలు. వీబీఈ డిగ్రీకి 2 మిల్లీవోల్టులు జారుతుంది, అంటే వేలు తగిలినా లెక్క తప్పుతుంది. రెండిటినీ చదునైన ముఖాలు ఆనించి, రాగి రేకు చుట్టి, రెండు నిమిషాలు వదిలేసి అప్పుడు చదవాలి. బోర్డులో కూడా అదే రేకుతో ఉంచేస్తే డీసీ ఆఫ్‌సెట్ తిరగకుండా ఉంటుంది.

రెసిస్టర్లకి మాత్రం మళ్లీ గల్లీకే రండి. కార్బన్ ఫిల్మ్ రెసిస్టరు మీద డీసీ ఉంటే అది అదనపు నాయిస్ పుట్టిస్తుంది. ఇన్‌పుట్ స్టేజీలో కలెక్టరు, ఎమిటరు, ఫీడ్‌బ్యాక్ చోట్ల పావు వాట్ మెటల్ ఫిల్మ్ వేయాలి. నీలం ఒంటి మీద ఐదు గీతలున్నవి అడగండి. అలా కనిపించినా ఇంట్లో ఒకటి గీకి చూసుకోవాలి, కొన్ని చవక రకాల్లో నీలం రంగు కింద కార్బనే ఉంటుంది. వాటికి వేడి టంకం కాడ ఆనించినప్పుడు విలువ ఒకటి రెండు శాతం జారుతుంది. మెటల్ ఫిల్మ్ అంత సులభంగా కదలదు.